థైరాయిడ్‌లో ఒకటి, నరంలో ఇంకొకటి

థైరాయిడ్ గ్రంథిలో కొన్ని కణాలు కాల్సిటోనిన్ అనే హార్మోన్‌ని తయారు చేస్తాయి. రక్తంలో కాల్షియం పెరిగినప్పుడు ఎముకని కరిగించే కణాల జోరు తగ్గించడం దాని పని. ఇక మైగ్రేన్‌తో అవస్థపడేవాళ్లు సీజీఆర్‌పీ అనే పేరు ఈమధ్య వినే ఉంటారు. నరాల చివర్ల నుంచి విడుదలై రక్తనాళాల్ని వెడల్పు చేసే చిన్న ప్రొటీన్ ముక్క అది, దాని దారికి అడ్డుపడే మందులు 2018 నుంచి వాడకంలోకి వచ్చాయి. ఒకటేమో కాల్షియం గొడవ, ఇంకొకటేమో తలనొప్పి గొడవ. ఈ రెండూ పుట్టేది మాత్రం ఒకే జీన్ నుంచి.

ఆ జీన్‌లో ఎక్సాన్‌లు అనే ముక్కలు ఆరు ఉన్నాయి, వాటి మధ్య ఇంట్రాన్‌లు అనే భాగాలు. కణం ముందు మొత్తాన్నీ ఆర్‌ఎన్‌ఏగా నకలు తీసుకుని, తర్వాత ఇంట్రాన్‌లని కత్తిరించి పారేసి, ఎక్సాన్‌లని ఒకదానికొకటి అతికిస్తుంది. దీన్నే స్ప్లైసింగ్ అంటారు. థైరాయిడ్ కణంలో ఒకటి, రెండు, మూడు, నాలుగు ముక్కలు కలిసి అక్కడితో ఆగిపోతాయి. ఆ నాలుగో ముక్కలోనే కాల్సిటోనిన్ ఉంది. నరాల కణంలో మాత్రం మూడో ముక్క దాకా మామూలుగానే వెళ్లి, నాలుగోదాన్ని వదిలేసి, నేరుగా ఐదుకీ ఆరుకీ అతుకుపడుతుంది. అప్పుడు వచ్చేది సీజీఆర్‌పీ. డీఎన్‌ఏలోని అక్షరాల్లో (అంటే దాన్ని కట్టిన రసాయన ముక్కల్లో) ఒక్కటి కూడా మారలేదు, రెండు చోట్లా అదే జీన్, అదే నకలు. నాలుగో ముక్కని తీసుకున్నారా వదిలేశారా అన్నదొక్కటే తేడా.

ఇది 1980ల మొదట్లో ఎలుకల్లో బయటపడింది. ఇందులో నాకు బాగా నచ్చే సంగతేంటంటే, సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని ఎవరూ ముందుగా శరీరంలోంచి వేరుచేసి చూడలేదు, ఆర్‌ఎన్‌ఏలోని అక్షరాలు చదివి ఇలాంటిదొకటి తయారవుతూ ఉండాలి అని ముందు ఊహించారు, అది నిజంగానే ఉందని తేలింది ఆ తర్వాతే.

అసలు జీన్‌లు ఇలా ముక్కలుముక్కలుగా ఉంటాయన్న సంగతే 1977 దాకా ఎవరికీ తెలియదు. ఆ ఏడాది ఫిలిప్ షార్ప్ బృందం, రిచర్డ్ రాబర్ట్స్ పనిచేసే చోట ఇంకో బృందం, విడివిడిగా ఒక జలుబు వైరస్ మీద పనిచేస్తూ, దాని ఆర్‌ఎన్‌ఏని దాని డీఎన్‌ఏకి జతచేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, డీఎన్‌ఏ జత దొరక్క అక్కడక్కడా ఉంగరాల్లా బయటికి ఉబ్బి కనిపించింది. ఉబ్బిన ఆ భాగాలకి ఆర్‌ఎన్‌ఏలో జోడీ లేదు, అంటే మధ్యలో ఎవరో కత్తిరించేశారన్నమాట. వాళ్లిద్దరికీ 1993లో నోబెల్ వచ్చింది (ఆ బొమ్మల వెనక పనిచేసిన మిగతావాళ్ల పేర్లు మాత్రం పెద్దగా ఎవరికీ గుర్తులేవు, అది వేరే బాధ). ఇంట్రాన్, ఎక్సాన్ అనే మాటలు 1978లో వాల్టర్ గిల్బర్ట్ పెట్టినవి. ముక్కల్ని వేరువేరుగా కలిపితే ఒకే జీన్ నుంచి వేరువేరు ప్రొటీన్లు రావచ్చు కదా అని ఆయన అప్పుడే రాశాడు.

ఎంత పారేస్తారో ఒక లెక్క చూడండి. కండరాలకి అవసరమైన డిస్ట్రోఫిన్ ప్రొటీన్ జీన్ పొడవు దాదాపు 22 లక్షల అక్షరాలు. 79 ఎక్సాన్‌లు. కత్తిరింపులన్నీ అయ్యాక మిగిలే ఆర్‌ఎన్‌ఏ 14 వేల అక్షరాలు. అంటే నూటికి తొంభై తొమ్మిది పాళ్లకు పైగా చెత్తబుట్టలోకే.

మరి ఎక్కడ కత్తిరించాలో కణానికి ఎలా తెలుస్తుంది? ఇంట్రాన్ మొదట్లో దాదాపు ఎప్పుడూ జీ, యూ అనే రెండక్షరాలు ఉంటాయి, చివర్లో ఏ, జీ ఉంటాయి, చివరికి కాస్త ఇవతల ఇంకో ప్రత్యేకమైన ఏ ఒకటి ఉంటుంది. ఐదు చిన్న ఆర్‌ఎన్‌ఏలు, వందకు పైగా ప్రొటీన్లు కలిసిన స్ప్లైసియోజోమ్ అనే పెద్ద యంత్రాంగం ఈ గుర్తుల మీద కూర్చుంటుంది. ముందు ఇంట్రాన్ మొదలు తెగి ఆ లోపలి ఏ కి అతుక్కుని ఉచ్చులా తయారవుతుంది, తర్వాత చివర తెగుతుంది, అటూ ఇటూ ఉన్న ఎక్సాన్‌లు కలిసిపోతాయి, ఉచ్చు విడిపోయి నశిస్తుంది. ఇంతవరకూ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది.

పుస్తకాల్లో ఎక్కువ చెప్పని చిక్కు ఇంకోటుంది. జీయూ, ఏజీ లాంటి రెండక్షరాల జంటలు ఇంత పొడవున్న ఆర్‌ఎన్‌ఏలో ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తాయి, కాబట్టి వాటి చుట్టుపక్కల అక్షరాలు కూడా కుదరాలి. బాగా కుదిరిన చోట యంత్రాంగం తడబడకుండా కూర్చుంటుంది, ఆ ఎక్సాన్ ప్రతి కణంలోనూ ప్రతిసారీ చేరుతుంది. అంతంతమాత్రంగా కుదిరిన చోటు రంగు వెలిసిన బోర్డులాంటిది, పక్కన ఎవరైనా నిలబడి ఇటు రండి అని చూపిస్తే తప్ప జనం దాన్ని చూడకుండా ముందుకెళ్లిపోతారు. ఆ చూపించేవాళ్లు ఎస్ఆర్ ప్రొటీన్లు అనే ఒక కుటుంబం. చూపించకుండా అడ్డంగా నిలబడేవాళ్లూ ఉన్నారు, వాళ్లలో చాలామంది హెచ్‌ఎన్‌ఆర్‌ఎన్‌పీలు అనే గుంపుకి చెందినవాళ్లు. ఏ కణంలో ఎవరు ఎంతమంది ఉన్నారు అన్నదాన్ని బట్టి ఆ ఎక్సాన్ లోపలికి వస్తుందో బయటే ఉండిపోతుందో తేలుతుంది.

నన్నడిగితే ఈ విషయంలో అసలు కీలకం ఇదే. గుర్తులన్నీ గట్టిగా ఉంటే ఎంపిక అనే మాటే ఉండదు, గుర్తు బలహీనంగా ఉండబట్టే ఒక కణం ఇలా, ఇంకో కణం అలా చేయగలుగుతోంది. బలహీనత అనగానే మనకి లోపం అనిపిస్తుంది కానీ ఇక్కడ పని జరిగేదే దాని వల్ల.

ఎంపికలు కూడా రకరకాలు. ఒక ఎక్సాన్‌ని తీసుకోవడమో దాటేయడమో మనుషుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కొన్ని జీన్‌లలో పక్కపక్కనే ఉన్న రెండు ఎక్సాన్‌లలో ఏదో ఒకటే రావాలి, రెండూ కలిసి రాకూడదు. కొన్నిచోట్ల ఎక్సాన్ అదే కానీ కత్తి పడే చోటు కాస్త అటూఇటూ అవుతుంది, ఆ కాస్తే చాలు కథ తిరగబడటానికి. బీసీఎల్-ఎక్స్ అనే జీన్‌లో కత్తి ఒకచోట పడితే కణం చావకుండా కాపాడే పొడుగు ప్రొటీన్ వస్తుంది, ఇంకోచోట పడితే కణాన్ని చావు వైపు నెట్టే పొట్టి ప్రొటీన్ వస్తుంది. ఒకే జీన్ నుంచి కాపలాదారూ హంతకుడూ ఇద్దరూ!

ఇక్కడే మూడు అక్షరాల లెక్క కూడా చెప్పాలి. ప్రొటీన్ తయారయ్యేటప్పుడు ఆర్‌ఎన్‌ఏని మూడేసి అక్షరాలుగా చదువుతారు కాబట్టి, వదిలేసిన ఎక్సాన్ పొడవు మూడుతో భాగించబడితే ప్రొటీన్‌లో ఒక ముక్క మాత్రమే తగ్గుతుంది, భాగించబడకపోతే అక్కడి నుంచి చదువు మొత్తం పక్కకి జరిగిపోయి, చాలాసార్లు కొద్ది దూరంలోనే ఆగు అనే సంకేతం వచ్చేస్తుంది. ఇన్సులిన్ రిసెప్టర్ (కణం మీద ఇన్సులిన్‌ని అందుకునే ప్రొటీన్) జీన్‌లో పదకొండో ఎక్సాన్ పొడవు 36 అక్షరాలు. అది ఉన్నా లేకపోయినా రిసెప్టర్ తయారవుతుంది, తేడా 12 అమైనో ఆమ్లాలే. పెద్దవాళ్ల కాలేయంలో అది ఉన్న రూపమే ఎక్కువ.

ఆ పదకొండో ఎక్సాన్ సంగతి ఎందుకు ఎత్తానంటే, మయోటోనిక్ డిస్ట్రఫీ అనే కండరాల జబ్బు ఉంది. అందులో చెడిపోయింది ఇన్సులిన్ రిసెప్టర్ జీన్ కాదు, వేరే జీన్ చివర్లో ఒక మూడక్షరాల ముక్క వందలసార్లు, ఒక్కోసారి వేలసార్లు మళ్లీమళ్లీ వచ్చి కూర్చుంటుంది. దాని ఆర్‌ఎన్‌ఏ, స్ప్లైసింగ్‌ని నడిపించే ఎంబీఎన్‌ఎల్ అనే ప్రొటీన్లని అంటించుకుని వదలదు. దారి చూపించేవాళ్లు అక్కడ ఇరుక్కుపోయేసరికి, ఏ సంబంధమూ లేని మిగతా జీన్‌ల ఆర్‌ఎన్‌ఏలు పెద్దవాళ్ల శరీరంలో కూడా గర్భంలోని పిండంలో జరిగినట్టు అతుక్కుంటాయి. కండరంలోని క్లోరైడ్ చానెల్ జీన్ తప్పుగా అతుక్కుని బిగిసిన పిడికిలి వెంటనే వదలదు, ఇన్సులిన్ రిసెప్టర్‌లో పదకొండో ఎక్సాన్ తగ్గి ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. ఒకే మనిషికి ఇన్ని పొంతనలేని లక్షణాలు ఎలా వచ్చాయని డాక్టర్లు ఏళ్లతరబడి బుర్రలు పట్టుకున్న జబ్బు ఇది.

ఇక అందరూ చెప్పే అంకెల దగ్గరికి వద్దాం. మనిషి జన్యు పటం పూర్తికాకముందు లక్ష జీన్‌లుంటాయని చాలామంది అనుకునేవారు. 2000లో శాస్త్రవేత్తలు సరదాగా పందెం కూడా కట్టుకున్నారు, 2003లో గెలిచినట్టు ప్రకటించింది అందరికంటే తక్కువ చెప్పిన అంచనాని, 25,947. చివరికి అదీ ఎక్కువే అయింది, ఇప్పుడు ప్రొటీన్ తయారుచేసే జీన్‌లు సుమారు 20 వేలే అంటున్నారు. శరీరంలో సుమారు వెయ్యి కణాలే ఉండే సీ. ఎలిగాన్స్ అనే చిన్న పురుగుకీ దాదాపు అన్నే. మనిషి పరువు కాపాడటానికి అన్నట్టు అప్పుడు స్ప్లైసింగ్‌ని ముందుకి తోశారు. 2008లో వచ్చిన లెక్కల ప్రకారం ఒకటి కంటే ఎక్కువ ఎక్సాన్‌లున్న మన జీన్‌లలో నూటికి తొంభైకి పైగా ఏదో ఒక రకంగా వేరువేరుగా అతుక్కుంటాయి. వెంటనే ఇరవై వేల జీన్‌లు, లక్షల ప్రొటీన్లు అనే శీర్షికలు మొదలయ్యాయి.

నాకు ఆ శీర్షికల మీద అంత నమ్మకం లేదు. ఆర్‌ఎన్‌ఏలో కనిపించినదంతా ప్రొటీన్ కాదు. బలహీనమైన గుర్తులుంటే పొరపాట్లూ ఉంటాయి, చదువు మధ్యలో తెగిపోయే ఆర్‌ఎన్‌ఏలని పట్టుకుని ధ్వంసం చేసే ఏర్పాటు కణంలో విడిగా ఉంది, చాలా రూపాలు అక్కడే రాలిపోతాయి. ప్రొటీన్లనే నేరుగా కొలిచి చూసినప్పుడు ఎక్కువ జీన్‌లకి ఒకే ప్రధాన రూపం కనిపిస్తోంది. ఇందులో ఎంత నిజమైన వైవిధ్యం, ఎంత ఉత్త రొద అన్న వాదన ఇంకా తేలలేదు. తేలేదాకా ఒక ప్రత్యేకమైన రూపం ఫలానా పని చేస్తోందని చూపించినప్పుడే దాన్ని లెక్కలోకి తీసుకోవడం మంచిది అని నా అభిప్రాయం.

అలా చూపించిన వాటిలో అన్నిటికంటే విడ్డూరమైనది పండ్ల మీద వాలే చిన్న ఈగలో డీఎస్‌క్యామ్1 అనే జీన్. ఇందులో నాలుగు చోట్ల ఎంపిక ఉంది: ఒకచోట 12లో ఒకటి, ఇంకోచోట 48లో ఒకటి, మూడోచోట 33లో ఒకటి, నాలుగోచోట రెండిట్లో ఒకటి. గుణిస్తే 38,016 రూపాలు, ఆ ఈగకున్న మొత్తం జీన్‌ల కంటే రెట్టింపుకి పైగా! ప్రతి నాడీకణమూ వీటిలో కొన్నిటినే అడ్డదిడ్డంగా ఎంచుకుంటుంది. తన కొమ్మ ఇంకో కొమ్మకి తగిలినప్పుడు రెండిటి మీదా అవే రూపాలుంటే అది తనదేనని తెలుసుకుని దూరం జరుగుతుంది, దాంతో ఒకే కణం కొమ్మలు ఒకదాని మీద ఒకటి పడకుండా నలుదిక్కులా పరుచుకుంటాయి. అన్ని కణాలకీ ఒకే రూపం ఇచ్చి చూస్తే పక్కవాటిని కూడా తనవే అనుకుని దూరం జరిగి, నాడుల అల్లిక చెడిపోయింది. ఇక్కడ వైవిధ్యమే పని. కానీ ఇలాంటి జీన్ మామూలుది కాదు.

ఎంపికని మనం బయటి నుంచి మార్చగలిగిన కథ ఒకటి చెప్పి ముగిస్తాను. స్పైనల్ మస్కులర్ అట్రోఫీ (కండరాలు క్షీణించిపోయే జబ్బు) ఉన్న పిల్లల్లో ఎస్ఎంఎన్1 అనే జీన్ పోయి ఉంటుంది. అచ్చం దానిలాంటిదే ఎస్ఎంఎన్2 అని ఇంకోటి మనుషులందరిలో దాదాపుగా ఉంటుంది, అయినా ఆదుకోదు. కారణం ఏడో ఎక్సాన్‌లో ఒకే అక్షరం, సీ ఉండాల్సిన చోట టీ. ఆ మార్పు వల్ల అమైనో ఆమ్లం కూడా మారదు, పాత పద్ధతిలో చూస్తే పట్టించుకోనక్కర్లేని మార్పు. కానీ ఆ అక్షరం మారేసరికి ఎక్సాన్‌ని చూపించేవాళ్ల పట్టు సడలి, అడ్డుపడేవాళ్లది పైచేయి అవుతుంది, ఎక్కువసార్లు ఏడో ఎక్సాన్ బయటే ఉండిపోయి నిలకడలేని ప్రొటీన్ వస్తుంది. ఏడ్రియన్ క్రైనర్ బృందం పక్కనున్న ఇంట్రాన్‌లో అడ్డుపడేవాళ్లు కూర్చునే చోటుకి గురిపెట్టి, అక్కడ సరిగ్గా అతుక్కునే 18 అక్షరాల కృత్రిమ పోగు ఒకటి తయారుచేసింది. అది ఆ చోటుని కప్పేస్తే ఏడో ఎక్సాన్ మళ్లీ లోపలికి వస్తుంది. న్యూసినర్సెన్ అనే ఆ మందుకి 2016 డిసెంబరులో అమెరికాలో అనుమతి దొరికింది, వెన్నులోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు. 2020లో నోటితో తీసుకునే రిస్‌డిప్లామ్ కూడా వచ్చింది, అదీ అదే ఏడో ఎక్సాన్ కోసమే పనిచేస్తుంది. ఇంకో తమాషా, ఆ ఎస్ఎంఎన్ ప్రొటీన్ చేసే ముఖ్యమైన పనుల్లో ఒకటి స్ప్లైసియోజోమ్ విడిభాగాలని కూర్చిపెట్టడం.