బాలబంద తీగ: ఉపజాతిని ఆకు కొలిచే తేల్చాలి

రుషికొండ నుంచి భీమిలి వెళ్లే దారిలో, ఇసుక మీద పాకే ఊదారంగు పూల తీగే బాలబంద, శాస్త్రీయ నామం ఐపోమియా పెస్-కాప్రే. జాతిని పట్టుకోవడం తేలికే. తుంపితే పాలు కారతాయి, కణుపుల దగ్గర వేళ్లు దిగుతాయి, ఆకు చివర మేక గిట్టలా చీలి ఉంటుంది. ఇసుకలోనే గులాబీ పూలతో పాకే కెనవేలియా రోజియా వేరు. దాని తొడిమకు మూడేసి ఆకులుంటాయి.

చిక్కంతా ఉపజాతి దగ్గరే. ఈ జాతిలో రెండు ఉపజాతులు: పెస్-కాప్రే, బ్రసిలియెన్సిస్. 1753లో లిన్నేయస్ వీటిని రెండు వేర్వేరు జాతులుగా రాశాడు. 1940లో వాన్ ఊస్ట్‌స్ట్రూమ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు రెండోదాన్ని బ్రసిలియెన్సిస్ ఉపజాతిగా చేశాడు. బ్రసిలియెన్సిస్ ఉష్ణమండల తీరాలన్నిటా ఉంది. పెస్-కాప్రే ఉపజాతి మాత్రం ఉత్తర హిందూ మహాసముద్రం చుట్టుపక్కలదే. అందుకే మన తీరంలో ఏ తీగనూ చూడకుండానే ఫలానాది అనేయకూడదు.

పూలు చూసి లాభం లేదు, రెండింటికీ ఒకటే. తేడా ఆకు చీలిక లోతులో ఉంది. పెస్-కాప్రేలో చీలిక ఇంచుమించు సగం దాకా దిగుతుంది. బ్రసిలియెన్సిస్‌లో చివర కొద్దిగా నొక్కినట్టు ఉంటుందంతే.

నేను కొలిచే పద్ధతి ఇది. తీగ కొస నుంచి అయిదో కణుపు దాటాక, ముదిరిన ఆకులు పది చూస్తాను, అన్నీ ఒకే తీగవి. ఎండకు ఆకు నడి ఈనె వెంట మడుచుకుంటుంది కాబట్టి వేళ్లతో చదును చేసి స్కేలు పెట్టాలి. తొడిమ అతికే చోట రెండు చిన్న గ్రంథులుంటాయి, చీమలు తిరిగేది వాటి కోసమే. అక్కడి నుంచి తమ్మె (చీలికకు ఒక పక్కనున్న ఆకు భాగం) కొస దాకా ఒక కొలత, చీలిక అడుగు దాకా ఇంకొకటి. మొదటిది 7 సెం.మీ., రెండోది 6.2 అయితే చీలిక 0.8, అంటే 11 శాతం: బ్రసిలియెన్సిస్. రెండోది 3.8 అయితే 46 శాతం: పెస్-కాప్రే.

ఎక్కువమంది దెబ్బతినేది ఒక్క ఆకు ఫొటోతో. మడిచిన ఆకును పక్క నుంచి తీస్తే చీలిక ఎంత ఉందో తెలియదు. లేత ఆకు లోతు నమ్మదగ్గది కాదు. మొలకలైతే మరీ మోసం: బీజదళాలు, అంటే గింజలోంచి వచ్చే తొలి ఆకులు, ఏ ఉపజాతిలోనైనా లోతుగా చీలే ఉంటాయి. పది ఆకుల్లో కొన్ని ఇటూ కొన్ని అటూ వస్తే నేను జాతి పేరుతో ఆపేస్తాను. మధ్యరకాలు నిజంగానే ఉన్నాయి, ఈ విభజననే ఒప్పుకోని వృక్షశాస్త్రజ్ఞులూ ఉన్నారు. బలవంతంగా పేరు పెట్టడం కంటే ఉపజాతి గడి ఖాళీగా వదలడమే నయం.

హెర్బేరియం షీటుకు (ఎండబెట్టిన మొక్కను అతికించి దాచే కాగితానికి) కణుపులతో సహా జానెడు కొమ్మ చాలు, కత్తెరతో కోయండి. తీగను లాగితే వేళ్లు పట్టి ఉంచిన ఇసుక కదిలిపోతుంది. ఎండితే ఆకు కుంచించుకుపోతుంది, కాబట్టి కొలతలు పచ్చిగా ఉన్నప్పుడే తీసుకోవాలి. ఆకు కండగా ఉంటుంది, పైగా పాలు కాగితానికి అంటుకుంటాయి. మొదటి నాలుగు రోజులూ రోజూ కాగితం మార్చకపోతే నల్లబడుతుంది. పూల రంగు కూడా నిలవదు, లేబుల్ మీద ఒడ్డునే రాసేయండి.