బాసెల్ దాకా వచ్చి ఆగిపోయిన సిమ్

పారిస్ గురించి రాయను. అక్కడున్న ఐదు రోజులూ ఫోన్ చక్కగా పనిచేసింది, మ్యాప్ చూపించిన చోటికల్లా అమ్మా నేనూ తిరిగాం. నేను చెప్పాలనుకుంటున్నది ఆరో రోజు సంగతి. గార్ ద లియోన్ స్టేషన్‌లో టీజీవీ అనే వేగపు రైలు ఎక్కి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో దిగిన రోజు. మూడు గంటల రైలు, ఆ తర్వాత ఒక కాఫీ షాపులో గంటన్నర. ఆ గంటన్నరలో నేను పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

పారిస్‌లో దిగిన పూటే ఒక దుకాణంలో టూరిస్టు సిమ్ కొన్నాను. 30 యూరోలు తీసుకున్నాడు, అందులో 10 యూరోలు క్రెడిట్ అన్నాడు. పాస్‌పోర్టు చూసి వివరాలు రాసుకుని, ఫోన్‌లో ఉన్న మన సిమ్ బయటికి తీసి, కొత్తది పెట్టి ఇచ్చాడు. ప్యాకెట్ మీద నీలం రంగులో యూరప్ పటం, చుట్టూ పసుపు నక్షత్రాలు. "స్విట్జర్లాండ్‌లో పనిచేస్తుందా?" అని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ "యూరప్, యూరప్" అన్నాడు. నాకూ అనుమానం రాలేదు. ఒక్క షెంగెన్ వీసాతో ఫ్రాన్స్‌లోకీ స్విట్జర్లాండ్‌లోకీ రానిస్తున్నప్పుడు సిమ్‌కు మాత్రం ఏం అడ్డం ఉంటుంది అనుకున్నాను.

ఈ-సిమ్ సంగతి, అంటే కార్డు లేకుండా నేరుగా ఫోన్‌లోకే ఎక్కించుకునే సిమ్ సంగతి, తెలియక కాదు. చేత్తో పట్టుకుని చూడలేని వస్తువుకు బయల్దేరకముందే డబ్బు కట్టడం ఎందుకో మనసొప్పలేదు.

బయటికి తీసిన పాత సిమ్‌ను అమ్మ చేతికిచ్చాను. "చిటికెన వేలి గోరంత ఉంది, పోతే ఎక్కడని వెతుకుతాం నాన్నా" అంటూ దాన్ని చిన్న కాగితంలో మడిచి, బీపీ మాత్రల స్ట్రిప్పుకు ఆనించి, రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పి పర్సులో పెట్టుకుంది.

రైలు సరిహద్దుకు ముందున్న ఫ్రెంచ్ ఊరు ములూజ్ దాటేటప్పటికి అమ్మ అక్కతో వీడియో కాల్‌లో ఉంది. కిటికీ బయట పొలాలు, దూరంగా కొండలు చూపిస్తోంది. ఉన్నట్టుండి అక్క ముఖం మాట మధ్యలో ఆగిపోయింది. అమ్మ "ఏమ్మా, వినిపిస్తోందా?" అంటూ ఫోన్‌ను కిటికీకి దగ్గరగా పెట్టి చూసింది. నేను తీసుకుని చూస్తే పైన నెట్‌వర్క్ పేరు మారిపోయి ఉంది. ఫ్రెంచ్‌లో వరసగా మూడు మెసేజులు. మొదటిది స్విట్జర్లాండ్‌కు స్వాగతం అని, రెండోది ఎంబీకి ఇంత అని, మూడోది క్రెడిట్ అయిపోయిందని. రైలు ఇంకా ప్లాట్‌ఫాం మీదికి రానేలేదు. 10 యూరోలు ఒక్క వీడియో కాల్ తోకకు ఖర్చయిపోయాయి.

తర్వాత అర్థం చేసుకున్నది ఇది. యూరప్‌లో ఒక దేశం సిమ్ ఇంకో దేశంలో అదనపు చార్జీ లేకుండా పనిచేయాలన్న నియమం 2017 జూన్ 15 నుంచి ఉంది. కానీ అది యూరోపియన్ యూనియన్ నియమం. యూనియన్‌లోని 27 దేశాలకూ, వాటితో పాటు ఐస్‌లాండ్, నార్వే, లిక్టెన్‌స్టైన్‌లకూ వర్తిస్తుంది. నాలుగు వైపులా ఆ దేశాలే చుట్టుకుని ఉన్నా స్విట్జర్లాండ్‌కు వర్తించదు. ఒకే వీసాతో తిరగనిచ్చే దేశాల కూటమి షెంగెన్‌లో 2008లో చేరింది కాబట్టి వీసా చెల్లుతుంది, యూనియన్‌లో లేదు కాబట్టి సిమ్ చెల్లదు. ఐర్లాండ్ దీనికి సరిగ్గా తిరగేసిన కేసు. యూనియన్‌లో ఉంది కాబట్టి ఫ్రెంచ్ సిమ్ పనిచేస్తుంది, షెంగెన్‌లో లేదు కాబట్టి ఆ వీసా పనికిరాదు. బ్రిటన్ రెండిట్లోనూ లేదు. కొన్ని కంపెనీలు తమంతట తాము స్విట్జర్లాండ్‌ను కూడా ప్యాకులో కలుపుతాయి, కొన్ని కలపవు. అందుకే ప్యాకెట్ మీది పటాన్ని, అమ్మేవాడి నోటిమాటను నమ్మొద్దు. దేశాల పేర్లు వరసగా రాసి ఉన్న జాబితా అడగండి. అందులో మీరు వెళ్లే దేశం పేరు కళ్లతో చూసుకోండి. నేను చూసుకోలేదు.

హోటల్ అడ్రసు మెయిల్‌లో ఉంది, మెయిల్ తెరవడానికి నెట్ లేదు. స్టేషన్ ఎదుట కనిపించిన కాఫీ షాపులో కూర్చున్నాం. రెండు కాఫీలకు 10 ఫ్రాంకుల పైనే అయింది. అమ్మకు ఆ లెక్క చెప్పలేదు. అక్కడి వైఫై ఫోన్ నంబర్ అడిగింది, కోడ్ మెసేజ్‌గా పంపుతుందట. అదృష్టం ఏమిటంటే, క్రెడిట్ సున్నా అయినా ఫ్రెంచ్ నంబరుకు మెసేజ్ వచ్చింది. నెట్ దొరికింది. ఈసారి స్విట్జర్లాండ్ పేరు స్పష్టంగా ఉన్న ఈ-సిమ్ ఒకటి వెతికి, కార్డు నంబర్ కొట్టాను. బ్యాంకు ఓటీపీ పంపింది. ఎక్కడికి? అమ్మ పర్సులో బీపీ మాత్రల పక్కన నిద్రపోతున్న సిమ్‌కి.

ఆ క్షణంలో కాళ్లూ చేతులూ ఆడలేదు. డబ్బుంది, కార్డుంది, నెట్ ఉంది. ఆ ఆరంకెలు తప్ప అన్నీ ఉన్నాయి.

సిమ్ ట్రే తెరవడానికి పిన్ను లేదు. అమ్మ గాజుకు ఉన్న పిన్నీసు తీసి ఇచ్చింది. దాని మొన ట్రే పక్కనున్న చిన్న రంధ్రంలో పెట్టి నొక్కితే మొదటిసారి జారింది, రెండోసారి ట్రే బయటికొచ్చింది. అమ్మ రబ్బరు బ్యాండు విప్పి, కాగితం మడత తీసింది. నా చేతులు వణుకుతున్నాయేమో, పాత సిమ్ వేళ్ల మధ్య నుంచి జారి బల్ల కిందికి పోయింది. 12 మిల్లీమీటర్ల పొడవు, 9 మిల్లీమీటర్లు కూడా లేని వెడల్పు. కింద నేలంతా బూడిద రంగు మచ్చల పలకలు. ఇద్దరం వంగి చూస్తున్నాం, కనిపించడం లేదు.

పక్క బల్ల దగ్గర యాభై ఏళ్ల పైబడిన ఒకావిడ కూర్చుని ఉంది. ఏమీ అడగకుండా కోటు తీసి కుర్చీకి వేసి, మోకాళ్ల మీద కూర్చుని, తన ఫోన్ లైటును నేలకు సమాంతరంగా పెట్టింది. పై నుంచి వేస్తే కనపడని సిమ్, పక్క నుంచి వెలుగు పడేసరికి బంగారు రంగులో తళుక్కుమంది. నా బల్ల కాలుకీ గోడకీ మధ్య ఉంది. ఆవిడ గోటితో తీసి అమ్మ అరచేతిలో పెట్టింది. అమ్మ తెలుగులోనే "చల్లగా ఉండమ్మా" అంది. ఆవిడకు అర్థమైనట్టే తలూపింది.

పాత సిమ్ పెట్టాక అది అక్కడి నెట్‌వర్క్‌ను వెతుక్కోవడానికి నాలుగైదు నిమిషాలు పట్టింది. అప్పటికి బ్యాంకు పేజీ టైం అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి. ఈసారి ఓటీపీ వచ్చింది. బయల్దేరే ముందు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ సిమ్ పెట్టినా ఒక్క మెసేజ్ కూడా వచ్చేది కాదు.

డబ్బు కట్టాక క్యూఆర్ కోడ్ వచ్చింది. వచ్చింది నా ఫోన్‌లోనే, స్కాన్ చేయాల్సిందీ అదే ఫోన్‌తో. ఇంత దూరం వచ్చి ఇక్కడ ఆగిపోతానా అనిపించింది. అప్పుడు కూడా ఆవిడే తన ఫోన్‌తో నా స్క్రీన్‌ను ఫొటో తీసి, తన ఫోన్‌ను నా ముందు నిలబెట్టింది. స్కాన్ అయింది. ఆ కోడ్ సాధారణంగా ఒక్కసారికే పనిచేస్తుంది. అందువల్ల ఇంకొకరు వాడుకుంటారన్న భయం లేదు, కానీ మనం పొరపాటున ఫోన్‌లోంచి ఈ-సిమ్ డిలీట్ చేస్తే చాలాసార్లు మళ్లీ కొనుక్కోవాల్సిందే.

ఆవిడ ఉండేది సరిహద్దు అవతల, ఫ్రాన్స్‌లోని సెయింట్ లూయీలో. రోజూ బాసెల్‌కు వచ్చి పనిచేసి సాయంత్రం వెళ్లిపోతుంది. అలా రోజూ గీత దాటేవాళ్లు ఆ చుట్టుపక్కల వేలల్లో ఉంటారు. వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెప్పింది, వాళ్లింట్లో వంటగదిలో ఉంటే ఫోన్ స్విట్జర్లాండ్ సిగ్నల్ పట్టుకుంటుందట, పడకగదికి వెళ్తే ఫ్రాన్స్ సిగ్నల్. టవర్లకు సరిహద్దు రాయి కనపడదు కదా. అందుకని ఆవిడ ఫోన్‌లో నెట్‌వర్క్‌ను ఆటోమేటిక్‌గా వదిలేయదు, తనకు కావలసిన కంపెనీ పేరును తానే ఎంచుకుంటుంది. నా ఫోన్‌లో ఆ సెట్టింగ్ ఎక్కడుందో కూడా వెతికి చూపించింది. సరిహద్దు ఊళ్లలో ఉండేవాళ్లు ఇది తప్పక నేర్చుకోవాలి.

ఇప్పుడు ఫోన్‌లో రెండూ ఉన్నాయి, ట్రేలో ఇంటి సిమ్, లోపల ఈ-సిమ్. నెట్ మొత్తం ఈ-సిమ్ నుంచి. దానికి డేటా రోమింగ్ ఆన్ చేయాలి, లేకపోతే సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి కానీ నెట్ రాదు. ఇంటి సిమ్‌కు డేటా రోమింగ్ ఆఫ్. అది ఆఫ్‌లో ఉన్నా ఓటీపీ మెసేజులు వస్తాయి. కాల్స్ మాత్రం ఎత్తకూడదు, వచ్చిన కాల్‌కూ డబ్బు పడుతుంది. ఒక సిమ్‌లో సిగ్నల్ తగ్గితే ఇంకోదానికి దానంతటదే మారే ఆప్షన్ ఒకటి ఉంటుంది, దాన్ని ఆపేశాను. నేను కొన్న ఈ-సిమ్‌కు ఫోన్ నంబర్ లేదు, కేవలం డేటా. టాక్సీవాళ్లు, హోటల్‌వాళ్లు నంబర్ అడిగితే ఇంటి నంబరే ఇచ్చాను.

అమ్మ ఫోన్‌లో కూడా వేద్దామని *#06# కొట్టి చూశాను. ఈఐడీ అనే పొడవాటి నంబర్ కనిపిస్తే ఈ-సిమ్ పడుతుంది. అమ్మ ఫోన్‌లో ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబర్, తప్ప ఇంకేమీ రాలేదు. నా ఫోన్ హాట్‌స్పాట్‌తో సరిపెట్టుకున్నాం. అన్‌లిమిటెడ్ అని రాసి ఉన్న ప్యాకుల్లో కొన్ని హాట్‌స్పాట్‌కు పరిమితి పెడతాయి, ఇద్దరు ముగ్గురు ఒకే ఫోన్ మీద ఆధారపడేవాళ్లు అది కూడా చూసుకోవాలి.

మర్నాడు ఎనిమిదో నంబర్ ట్రామ్ ఎక్కి రైన్ నది వెంట జర్మనీలోని వైల్ ఆమ్ రైన్‌కు వెళ్లాం. సిటీ ట్రామ్‌లో ఇంకో దేశం వెళ్లడం అమ్మకు ఎంత నచ్చిందో చెప్పలేను. అక్కడ నది మీద కేవలం నడిచేవాళ్లకూ సైకిళ్లకూ కట్టిన వంతెన ఉంది, 2007లో తెరిచారు. ఇటు జర్మనీ, అటు ఫ్రాన్స్, నది ఎగువకు కాస్త చూస్తే స్విట్జర్లాండ్.

వంతెన మొదట్లో అమ్మ అక్కకు ఫోన్ చేసింది. నిన్న మధ్యలో తెగిపోయిన మాట అక్కడ మొదలుపెట్టింది. నేను పక్కనే నడుస్తూ స్క్రీన్ పైన చిన్న అక్షరాల వంక చూస్తున్నాను. అవతలి ఒడ్డు దగ్గర పడుతుండగా అక్క బొమ్మ ఓ క్షణం ఆగింది. అమ్మ అడుగు కూడా ఆగింది. నెట్‌వర్క్ పేరు మారింది, అక్క మళ్లీ కదిలింది.

"ఇదిగో, ఇప్పుడు ఫ్రాన్స్‌లోంచి మాట్లాడుతున్నా" అంది అమ్మ, ఫోన్‌ను నది వైపు తిప్పుతూ. తిరుగు ప్రయాణం పారిస్ మీదుగానే కదా అని, ఆ 30 యూరోల సిమ్‌ను బీపీ మాత్రల స్ట్రిప్పుకు చుట్టి పర్సులో దాచే ఉంచింది.