ఫ్లైవీల్ మీద 5 డిగ్రీల గీత

ఆదివారం. ఎండ ముదరకముందే షెడ్డు తలుపు తీశాను. తాతయ్య డిస్పోజల్స్‌లో, అంటే సైన్యం అమ్మేసిన పాత సామాన్లలో, కొన్న విల్లీస్ జీపుకి టైమింగ్ కట్టడం ఇవాళ్టి పని. ప్లగ్గులో నిప్పురవ్వ సరిగ్గా ఎప్పుడు పడాలో కుదర్చడమే టైమింగ్ కట్టడం. సెల్ఫ్ కొడితే అందుకుంటోంది గానీ, లోడు పడితే లాగడం లేదు. ఇంజను కూడా తొందరగా వేడెక్కుతోంది. టైమింగ్ వెనకబడ్డ బండి లక్షణాలే ఇవి.

ఎన్ని డిగ్రీలకి కట్టాలని ఎవర్నడిగినా ఒక అంకె చెబుతున్నారు. ఒకాయన ఎనిమిది పెట్టమన్నాడు, ఇంకొకాయన సున్నా చాలన్నాడు. బండిలో ఏ ఇంజను ఉందని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ముందు తేల్చుకోవాల్సింది అదే. మన దగ్గర మిగిలిన యుద్ధకాలం జీపుల్లో ఇంజన్లు మారినవి చాలానే ఉన్నాయి. తర్వాతి కాలపు మహీంద్రా జీపు నుంచి దింపిన హరికేన్ ఇంజను వాటిలో కూర్చుని ఉంటుంది. దాన్ని పైనుండే వాల్వ్ కవరుని బట్టి చూడగానే పట్టేయొచ్చు. మాది వాల్వులు పక్కన బ్లాకులో ఉండే పాత ఎల్-హెడ్డే. హెడ్డు పలకలా ఉంటుంది, ప్లగ్గులు నిటారుగా నిలబడి ఉంటాయి. అయినా కిరసనాయిలు గుడ్డతో బ్లాకు మీద గ్రీజు తుడిచి చూశాను. ‘ఎంబీ’ అని, దాని వెనకాలే అంకెలు. అసలు ఇంజనే. ప్రాణం లేచొచ్చింది.

ఇక పుస్తకం. అమెరికా సైన్యం లెక్కల్లో ఈ బండి పావు టన్ను ట్రక్కు. విల్లీస్ ఎంబీకీ, అదే జీపుని ఫోర్డ్ చేసిన జీపీడబ్ల్యూకీ కలిపి 1944లో వేసిన మాన్యువల్ టీఎం 9-803. స్కాన్ చేసిన పేజీలు మసకగా ఉన్నా, కావలసినవన్నీ అందులో ఉన్నాయి. టాప్ డెడ్ సెంటర్‌కి, అంటే పిస్టన్ పైకొసకి చేరే చోటుకి, 5 డిగ్రీల ముందు కరెంటు పడాలి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-4-2. కరెంటుని కలిపి తెంచే పాయింట్ల గ్యాపు అంగుళంలో వెయ్యో వంతులు 20, ప్లగ్గు గ్యాపు 30. బురదలో పడుకుని బండి బాగుచేసే సైనికుడికి పనికొచ్చేలా రాసిన పుస్తకం అది. ఇంత సూటిగా రాసిన మాన్యువల్ ఈ మధ్య కొన్న ఏ బండితోనూ నాకు రాలేదు.

తొమ్మిదింటికి ఆటోనగర్ నుంచి బాబాయ్ వచ్చాడు. టైమింగ్ ఎప్పుడూ చెవితోనే కట్టే మనిషి.

“పుస్తకం ఎందుకు అబ్బాయ్? నాక్, అదే ఇంజనులో టకటక చప్పుడు, వచ్చేదాకా తిప్పి, కాస్త వెనక్కి లాగితే సరి.”

ఆయన పనితనం మీద నాకు ఎంతో గౌరవం. కానీ ఆ పద్ధతి ఆనాటి పెట్రోలుకి సరిపోయింది. ఈ ఇంజను కంప్రెషన్ 6.48 మాత్రమే, 70 దరిదాపు ఆక్టేన్ పెట్రోలు తాగడానికి చేసింది. ఆక్టేన్ అంకె పెరిగేకొద్దీ నాక్ తగ్గుతుంది. ఇప్పుడు బంకులో పోసేది 91కి తగ్గదు. టైమింగ్ ఎంత ముందుకి జరిపినా నాక్ వినపడకపోవచ్చు. చెవికి అందాల్సిన హెచ్చరికే లేకుండా పోయింది. అలా మరీ ముందుకి జరిగిపోతే, హ్యాండిల్ తిప్పేటప్పుడు ఇంజను ఎదురు తన్ని మణికట్టు విరగొచ్చు. “అదీ నిజమేలే,” అన్నాడు బాబాయ్.

ముందు పాయింట్లు చూశాం. గ్యాపు పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుని టైమింగ్ దానంతటదే ముందుకి జరుగుతుంది కాబట్టి గ్యాపు కుదిరాకే టైమింగ్. ఒకటో సిలిండర్ ప్లగ్గు విప్పి, బాబాయ్ బొటనవేలితో రంధ్రం మూశాడు. నేను ముందునుంచి హ్యాండిల్ మెల్లగా తిప్పాను. గాలి వేలిని తన్నగానే “వస్తోంది, నెమ్మది” అన్నాడు. బెల్ హౌసింగ్ చిన్న మూత జరిపి టార్చి వేస్తే ఫ్లైవీల్ మీద నల్లటి జిడ్డు. వైరు బ్రష్‌తో రుద్దాక ‘ఐజీఎన్’ అక్షరాలూ గీతా బయటపడ్డాయి. గీత కనపడేలా సుద్ద పూసి, అది గుర్తుకి ఎదురుగా వచ్చేదాకా తిప్పి ఆపాను. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ టెర్మినల్‌కి 6 వోల్టుల బల్బు తగిలించి, డిస్ట్రిబ్యూటర్ బాడీని లోపలి రోటర్ తిరిగే దిశకు ఎదురు కొద్దికొద్దిగా జరిపాడు బాబాయ్. పాయింట్లు విడిపోయిన క్షణాన బల్బు వెలిగింది. అక్కడే క్లాంప్ బిగించాం.

సాయంత్రం కొండపల్లి ఖిల్లా ఘాట్ ఎక్కించాం. ఎక్కడా దమ్ము తగ్గలేదు. దారంతా బాబాయ్ తల బయటికి పెట్టి ఇంజను శబ్దమే వింటూ కూర్చున్నాడు. చివరికి “ఇక ముట్టుకోకు” అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం నాకు పెద్ద సంతోషం.

ఇంటికొచ్చేసరికి స్నేహితుడి ఫోను. కెనడాలో చేసిన యుద్ధకాలం షెవర్లే లారీ వాడి దగ్గరుంది. దానికీ ఐదేనా అని అడిగాడు. దాని అసలు ఇంజను ఆరు సిలిండర్లది, ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. ఫ్లైవీల్‌లో గీతకి బదులు చిన్న స్టీలు గోళీ దిగ్గొట్టి ఉంటుంది, దాన్ని ముల్లుకి ఎదురుగా తేవాలి. కానీ వాడి లారీలో ఇప్పుడున్నది ఆ ఇంజనేనో కాదో తెలియదు. బ్లాకు తుడిచి నంబరు ఫోటో పంపరా, అప్పుడు చెబుతానన్నాను.