నరసాపురం మెములో బోగీలు చూసుకుంటూ

రాజమండ్రి నుంచి నరసాపురానికి బస్సులున్నా నేను మెమునే, అంటే కరెంటుతో నడిచే లోకల్ రైలునే ఎక్కాను. పని నరసాపురంలో, మనసంతా దారిలో కనిపించే బోగీల మీద. దూరం నుంచి ఒకే వరసలా కనిపించే రైల్లో ఒక బోగీకీ ఇంకో బోగీకీ ఎంత తేడా ఉంటుందో చూడటం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం.

మాది పాత రకం మెము. నాలుగు బోగీల్లో ఒకటి మోటారు బోగీ. డ్రైవర్ క్యాబిన్ వెనకాలే కరెంటు సామాను గది ఉండటంతో జనం కూర్చునే చోటు కొంత దానికే పోతుంది. కొత్త త్రీ ఫేజ్ మెముల్లో ఆ సామానంతా బోగీ కిందకి చేరింది. బ్రేక్ వేసినప్పుడు పుట్టే కరెంటు కూడా తిరిగి పై తీగలోకి వెళ్తుంది. ఇదొక మంచి మార్పు.

గోదావరి మీద అందరూ చిల్లర తీశారు. పక్కన హేవలాక్ వంతెన. 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయినా ఇంకా నిటారుగానే ఉంది.

నిడదవోలులో మా బండిని ఆపేశారు, వెనక సూపర్‌ఫాస్ట్ వస్తోందని. నాకు అంతకంటే కావలసిందేముంది! పక్క లైన్లో నీలం రంగు ఐసీఎఫ్ బోగీలతో (చెన్నై ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ పాత రకం) ఒక ఎక్స్‌ప్రెస్ నిలబడి ఉంది. వంగి చక్రాలు చూస్తుంటే, మా బోగీలోంచి దిగిన పెద్దాయన వచ్చారు.

"ఏవండీ, ఏవైనా పడిపోయిందాండీ?"

"లేదు బాబాయ్ గారూ, బ్రేకులు చూస్తున్నాను."

"ఆయ్! నేను ఆ పని చేసే రిటైరయ్యానండీ" అంటూ ఆయనా పక్కన వంగారు. చక్రం అంచుకి ఆనుకుని ఉన్న బ్రేక్ బ్లాకు చూపించారు. అది నేరుగా చక్రాన్నే రాస్తుంది, అందుకే అక్కడ ఇనుము అద్దంలా మెరుస్తోంది. జర్మన్ డిజైన్‌తో వచ్చిన కొత్త రకం ఎల్‌హెచ్‌బీ బోగీల్లో అయితే ఇరుసు మీద విడిగా డిస్కులుంటాయి, చక్రం జోలికి పోవు. రెండు బోగీల మధ్య ఐసీఎఫ్‌కి మరలు తిప్పి బిగించే కప్లింగు, పక్కన రెండు గుండ్రటి బఫర్లు. ఎల్‌హెచ్‌బీకి మధ్యలో ఒకే కప్లరు. పొడవులోనూ తేడా ఉంది, రెండు మీటర్ల పైచిలుకు. అందుకే స్లీపర్‌లో 72 బెర్తులు 80 అయ్యాయి.

"పైన ఎల్‌హెచ్‌బీ, కింద ఐసీఎఫ్ చక్రాలు ఉన్నవీ చేశారండీ. హైబ్రిడ్ అంటారు. కొత్తోళ్లు చూసి కంగారుపడేవోరు" అన్నారాయన.

బోగీ నంబరు చదవడం నాకు ముందే తెలుసు: మొదటి రెండంకెలు తయారైన సంవత్సరం. 98 అంటే 1998.

గూడ్సు లైన్లో ఇంకో వింత. పాత బోగీలే, కానీ కిటికీలన్నీ రేకులతో మూసేశారు. కిటికీ ఉండిన చోటు గుర్తు మాత్రం తెలుస్తోంది. జనాన్ని మోయడం అయిపోయాక వీటిని ఎన్ఎంజీలుగా, అంటే సరుకు బోగీలుగా మార్చి కార్లు రవాణా చేస్తారు. నా కాళ్లు అక్కడ అతుక్కుపోయాయి. ఇలా మారిన బోగీల ఫొటోలు తీసి, నంబర్లతో సహా ఎవరైనా దాచాలి. ఐసీఎఫ్ రకం తయారీ 2018 జనవరిలోనే ఆగిపోయింది, ఇక తగ్గడమే గానీ పెరగడం లేదు.

సూపర్‌ఫాస్ట్ దూసుకుపోయింది, మేమూ కదిలాం. తణుకు, అత్తిలి, భీమవరం చేపల చెరువులు గబగబా వెనక్కి వెళ్లాయి. కాకినాడ-కోటిపల్లి లైన్లో ఒకే బోగీతో నడిచిన రైలు బస్సు గురించి బాబాయ్ గారు పాలకొల్లు దాకా చెబుతూనే ఉన్నారు. దిగేటప్పుడు, "నరసాపురంలో ప్లాట్‌ఫామ్ చివరిదాకా వెళ్లండీ, ఖాళీ రేకు ఉంటే చూడొచ్చు" అన్నారు. రేకు అంటే ఒక రైలుకి సరిపడా బోగీల వరస.

వెళ్లాను. రేకు ఉంది. నంబర్లు చదువుకుంటూ పోతే ఒక స్లీపర్ మీద 17 కనిపించింది. కిందకి వంగి చూశాను: బ్రేక్ బ్లాకులు, మరల కప్లింగు, అన్నీ ఐసీఎఫ్‌వే. చివరి ఏడాదుల్లో పుట్టిన బోగీ. బోగీ ఆయుష్షు పాతికేళ్లని లెక్క వేస్తే 2042 దాకా తిరగాలి.