జిమ్నీనా, థారా, గూర్ఖానా? ముందు మీ దారేదో చెప్పండి

ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజను శక్తి అందే బండి) కొనబోయేవాళ్లు మొదట అడిగేది హార్స్‌పవర్ ఎంతని. నెల్లూరు, ప్రకాశం వైపు తిరిగే బండికి ఆ లెక్క ఆఖర్న చూసుకున్నా నష్టం లేదు. ఇక్కడ బండిని ముప్పుతిప్పలు పెట్టే నేలలు మూడు. తీరం పొడుగునా, పెన్న పొడుగునా ఇసుక. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి. చీమకుర్తి గుట్టల నుంచి వెలిగొండల దాకా రాయి. ఒకదాంట్లో మొనగాడు అనిపించుకున్న బండి ఇంకోదాంట్లో చతికిలబడుతుంది.

ఇసుకతో మొదలుపెడదాం. మైపాడు, కొత్తపట్నం బీచ్‌ల్లో ఇరుక్కునే బండ్లు సామాన్యంగా బరువు వల్లే ఇరుక్కుంటాయి, శక్తి చాలక కాదు. ఇసుకలో గెలిచేది తక్కువ బరువు. అయిదు డోర్ల మారుతి జిమ్నీ బరువు 1,200 కిలోలకు అటూఇటూ. మహీంద్రా థార్ డీజిల్ దానికంటే అయిదు క్వింటాళ్లు ఎక్కువ తూగుతుంది, అయిదు డోర్ల థార్ రాక్స్, ఫోర్స్ కంపెనీ గూర్ఖా ఇంకా పైనే. అందుకే 105 పీఎస్ (దాదాపు హార్స్‌పవరే) పెట్రోలు ఇంజనున్న జిమ్నీ, మెత్తని ఇసుకలో 130 పీఎస్ థార్ కంటే తేలిగ్గా సాగిపోతుంది. అయితే ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో ఉంచి నడపాలి. టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) 134 ఎన్ఎమ్ మాత్రమే కాబట్టి, ఇసుక మధ్యలో గేరు మార్చబోతే ఊపు చచ్చి బండి అక్కడే కూర్చుంటుంది.

ఏ బండైనా ఇసుకలో దిగేముందు గాలి తగ్గించాలి. రోడ్డు మీద 30 పైన ఉండే గాలిని థార్‌కి 18 పీఎస్ఐకి, జిమ్నీకి 15కి దించండి. టైరు కింద పొడుగ్గా పరుచుకుంటుంది, బండి ఇసుకని తవ్వకుండా పైన నడుస్తుంది. 12 కంటే కిందికి పోవద్దు, మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. స్టీరింగ్ ఠక్కున తిప్పొద్దు, 30 కిలోమీటర్లు దాటొద్దు. హైవే ఎక్కేముందు మళ్లీ గాలి కొట్టుకోవాలి కాబట్టి 12 వోల్టుల కంప్రెసర్ బండిలో ఉండాల్సిందే. ఇరుక్కుంటే యాక్సిలరేటర్ తొక్కీ తొక్కీ చక్రాలు తిప్పకండి, ఒక్కో తిప్పుకి బెత్తెడు లోతు దిగుతుంది. చక్రాల ముందూ వెనకా ఇసుక తీసి, గాలి ఇంకో రెండు మూడు పీఎస్ఐ దించి, వచ్చిన జాడలోనే రివర్స్‌లో బయటికి రండి. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ మూడు నెలలూ బీచ్ మీదికి బండి దించడమే తప్పు, ఏ బండి అన్నది తర్వాతి మాట.

ట్రాక్టర్‌ని పిలవాల్సి వస్తే గొలుసు ఎక్కడ కడుతున్నారో వంగి చూడండి. పొలాల్లో బండ్లు లాగి అలవాటున్నవాళ్లు, చేతికి అందిన ఇనుప కడ్డీకి చుట్టేస్తారు. ముందువైపు ఆ కడ్డీ చాలాసార్లు స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే టై రాడ్ అవుతుంది. ఒక్క గుంజుడుకి అది వంగితే అలైన్‌మెంట్ గల్లంతు, స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుంది. కంపెనీ ఇచ్చిన టో హుక్కుకే కట్టించాలి.

ఇక్కడే థార్ విషయంలో ఒక మాట. 2023 నుంచి వెనక చక్రాలే తిరిగే థార్ కూడా అమ్ముతున్నారు, అందులో 1.5 లీటర్ల డీజిల్ కూడా ఉంది. బయటినుంచి చూస్తే రెండూ కవలలే. రాక్స్‌లో అయితే పెట్రోలంతా టూ వీల్ డ్రైవే, ఫోర్ బై ఫోర్ కావాలంటే డీజిలే గతి. సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లు వెనక స్టిక్కర్ని నమ్మకండి, గేర్ రాడ్ పక్కన రెండో లివర్ ఉందో లేదో చూడండి. టూ వీల్ థార్‌తో బీచ్‌కెళ్తే మారుతీ వ్యానుకి పట్టిన గతే దానికీ.

రాయి దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. ఉదయగిరి వైపు కొండదారుల్లో, క్వారీ బాటల్లో ఒక చక్రం గాల్లోకి లేస్తుంది. మామూలు డిఫరెన్షియల్ (ఎడమ, కుడి చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) శక్తినంతా ఆ గాల్లో ఉన్న చక్రానికే పోస్తుంది, నేల మీదున్నది కదలదు. దీనికి ఒక్కో కంపెనీది ఒక్కో విరుగుడు. గూర్ఖాలో ముందుకీ వెనక్కీ రెండు డిఫ్ లాకులు (రెండు పక్కల చక్రాలనీ కలిపి తిప్పేవి), డ్రైవర్ చేత్తో వేసుకునేవి. రాక్స్ ఫోర్ బై ఫోర్‌లో వెనక ఎలక్ట్రానిక్ లాకు. జిమ్నీలో అసలు లాకే లేదు. ఉత్తినే తిరిగే చక్రానికి బ్రేకు పట్టి శక్తిని రెండో పక్కకి మళ్లిస్తుంది. అది పనిచేయాలంటే యాక్సిలరేటర్ వదలకుండా నిలకడగా నొక్కి ఉంచాలి. చక్రం తిరగ్గానే భయపడి కాలు తీసేస్తే బ్రేకు కూడా వదిలేస్తుంది, బండి ఎక్కదు. జిమ్నీ ఎక్కలేదని తిట్టుకునేవాళ్లలో సగం మంది చేసే పని ఇదే. గూర్ఖాలో ముందు లాకు వేసినప్పుడు స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది, అడ్డంకి దాటగానే తీసేయాలి.

‘ఫోర్ లో’ (నాలుగు చక్రాలనీ మెల్లగా, బలంగా తిప్పే గేరు) నిష్పత్తి థార్‌లో 2.48, జిమ్నీలో 2 దగ్గర. డీజిల్ థార్ దిగువకి దిగేటప్పుడు మొదటి గేర్లో బ్రేకు తొక్కకుండానే మెల్లగా దిగిపోతుంది. జిమ్నీ కాస్త జారుకుంటుంది, హిల్ డిసెంట్ బటన్ నొక్కుకోవాలి. ఫోర్ లో వేయడానికి బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్లో పెట్టి లివర్ మార్చాలి. పళ్లు కలవక మొరాయిస్తే బలవంతం చేయకండి, బండిని ఒక అడుగు కదిలించి మళ్లీ ప్రయత్నించండి. తారు రోడ్డు మీద మాత్రం ‘ఫోర్ హై’ (నాలుగు చక్రాలతో మామూలు వేగం) కూడా వద్దు. ఈ బండ్లలో మధ్య డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి మలుపుల్లో ముందు, వెనక చక్రాల తేడా అంతా ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకి శక్తి పంచే పెట్టె) మీద పడి గొలుసు, గేర్లు అరుగుతాయి.

కోవూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నవాళ్లకి ఇంకో లెక్క ఉంది. గుంట కట్ట ఎక్కి అవతల దిగేటప్పుడు ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు ఉండగా పొట్ట కట్ట మీద ఆనుతుంది. మూడు డోర్ల థార్ చక్రాల మధ్య దూరం 2,450 మి.మీ., రాక్స్‌ది 2,850. బ్రేకోవర్ కోణం (పొట్ట ఆనకుండా దాటగల కట్ట కోణం) థార్‌కి 26, 27 డిగ్రీలుంటే, రాక్స్‌కి, జిమ్నీకి 24 దగ్గర. మూడు డోర్ల గూర్ఖాకి 28. గ్రౌండ్ క్లియరెన్స్ (నేల నుంచి పొట్ట ఎత్తు) థార్‌కి 226, జిమ్నీకి 210, గూర్ఖాకి 233 మి.మీ. అని వల్లె వేసేవాళ్లు ఈ కోణం ముందు చూసుకోవాలి. నిలువుగా ఎక్కకుండా ఏటవాలుగా ఎక్కితే కొంత కలిసొస్తుంది, కానీ ఇరుకు కట్ట మీద ఆ వీలుండదు. గుంటల దగ్గర నిత్యం తిరిగే బండికి ఉప్పుగాలి కూడా శత్రువే. వారానికోసారి కింద ఛాసిస్ రైళ్ల (బండిని మోసే పొడుగు ఇనుప దూలాల) లోపలికి మంచినీళ్లు కొట్టించి, చిల్లుల్లోంచి బురద బయటికొచ్చేదాకా కడగాలి. పైన మెరిసేలా కడిగి కింద వదిలేస్తే పదేళ్ల బండి అయిదేళ్లకే తుప్పు రాలుస్తుంది.

నల్లరేగడికి మాత్రం ఏ బండీ జవాబు కాదు. అక్టోబరు, నవంబరు వానల్లో ఆ మన్ను టైరు గాడుల్లో నిండిపోయి టైరు నున్నగా తయారవుతుంది, ఫోర్ బై ఫోర్ నాలుగు చక్రాలూ కలిసి జారతాయి. మడ్ టెర్రెయిన్ (బురద కోసం లోతు గాడులున్న) టైర్లు కొంచెం మేలు, కానీ హైవే మీద వాటి హోరు వింటూ నెల్లూరు నుంచి ఒంగోలు పోవడం శిక్ష. రెండు రోజులు ఎండనిచ్చి పోవడమే పద్ధతి. వాగు దాటాలంటే థార్, రాక్స్‌కి కంపెనీ చెప్పేది 650 మి.మీ., స్నార్కెల్‌తో (ఇంజనుకి పైనుంచి గాలి అందించే గొట్టంతో) వచ్చే గూర్ఖాకి 700. జిమ్నీని చక్రం మధ్య దాకా, అంటే అడుగు పైన చిన్న పిసరు దాకా అనుకోండి. ఆ అంకెలు నిలిచిన నీళ్లకి, పారే వాగుకి సగం చేసుకోవాలి. దాటాక క్రౌన్ (డిఫరెన్షియల్) ఆయిల్ ప్లగ్ విప్పించండి, ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే నీళ్లు చేరినట్టే, వెంటనే మార్చాలి.

సుఖం సంగతి సూటిగా చెప్తే, కుటుంబం వెనక కూర్చునే ఇంటికి రాక్స్ ఒక్కటే సరైనది. మూడు డోర్ల థార్లో వెనక్కి పోవాలంటే ముందు సీటు మడిచి ఎక్కాలి, పెంచలకోనకి పెద్దవాళ్లని తీసుకెళ్లేటప్పుడు ఆ తిప్పలు తెలుస్తాయి. సాఫ్ట్ టాప్ (గుడ్డ పైకప్పు) తీసుకోకండి, మే నెల ఎండకి ఏసీ ఓడిపోతుంది. జిమ్నీలో నలుగురే, డిక్కీ 208 లీటర్లు, హైవే మీద వంద దాటితే ఇంజను గోల. గుంతల్లో దాని దృఢమైన ముందు యాక్సిల్ పక్కలకి ఊపుతుంది. గూర్ఖా మీద ప్రేమ ఉంటే తప్ప రోజూ ఆఫీసుకి నడపలేరు.

రిపేర్ల బాధ తక్కువ జిమ్నీకే. టర్బో లేదు, డీపీఎఫ్ (డీజిల్ పొగమసిని పట్టే ఫిల్టర్) లేదు, మారుతి సర్వీసు చిన్న పట్టణాల్లో కూడా ఉంది. కొన్నాళ్లకి 70, 80 వేగంలో స్టీరింగ్ వణకడం మొదలైతే ముందు వీల్ బ్యాలెన్సింగ్, తర్వాత కింగ్‌పిన్ బేరింగులు, పాన్‌హార్డ్ రాడ్ బుష్‌లు చూపించండి, ఈ వరసలోనే. డీజిల్ బండ్లు టౌన్లో రెండు మూడు కిలోమీటర్లే తిరిగితే డీపీఎఫ్ పొగమసితో మూసుకుంటుంది, వారానికోసారి హైవే మీద అరగంట ఆగకుండా నడపాలి. గూర్ఖాకి షోరూమ్‌లు తక్కువే కానీ 2.6 లీటర్ల ఇంజను అదే కంపెనీ ట్రావెలర్ వ్యానులో ఉన్న కుటుంబానిదే, ట్రావెలర్ మెకానిక్‌కి అది కొత్తేం కాదు. బాడీ సామాన్లకే ఎదురుచూపులు.

చీమకుర్తి వైపు తిరిగేవాళ్లు బండికంటే ముందు టైర్ల మీద డబ్బు పెట్టండి. పగిలిన గ్రానైట్ ముక్క అంచు కత్తిలా ఉంటుంది, టైరు పక్క గోడ చీలితే పంక్చర్ వేయడం కుదరదు. అక్కడ గాలి మరీ దించకూడదు, 25 దగ్గర ఉంచండి. క్వారీ దుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ మాన్యువల్లో రాసిన దానికంటే ముందే మార్చండి.

సముద్రం పక్క ఊళ్ల బండి సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే లిఫ్ట్ ఎక్కించి చూడండి. ఛాసిస్ రైళ్ల మీద కొత్త నల్లరంగు కనిపిస్తే చిన్న సుత్తితో తట్టండి, గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు డుబ్బుమంటుంది. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి, లోపల దాగిన చివరి మూర మీద బురద చార ఉందేమో కూడా చూడండి, ఉంటే ఆ బండి నీళ్లలో మునిగిందేమో అనుమానించాలి.