కాగితం ముక్క కదలాలి

మా తెలుగు సారు "సార్" అంటే పలికేవారు కాదు. "మాస్టారూ" అనాలి. 'మాస్టారు' అన్న మాట మాత్రం ఎక్కడి తెలుగని అడిగే ధైర్యం మా తొమ్మిదో తరగతిలో ఎవరికీ లేదు. 1984 నాటి మాట. ఊరు అప్పటికింకా మద్రాసే.

"బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ 'భాద' అని రాస్తార్రా?" అనేవారు. బాధకి వత్తు చివర, భాషకి వత్తు మొదట. చెప్పి ఊరుకునేవారు కాదు. నోటి ముందు చిన్న కాగితం ముక్క పట్టుకుని పలకాలి. 'బ' అంటే ముక్క కదలకూడదు, 'భ' అంటే కదలాలి. నా ముందు బెంచీవాడు ఊదిన ఊదుడికి ముక్క ఎగిరి మాస్టారి పంచె మీద పడింది. "ఇది 'భ' కాదు, తుమ్ము" అన్నారు.

ఆ ఏడు త్యాగరాజ ఆరాధనకి బడిలో పంచరత్నాల్లో ఒకటైన 'దుడుకు గల' నేర్పించారు. పాటల టీచరుగారు తమిళావిడ. తమిళంలో క, ఖ, గ, ఘలకి అక్షరం ఒక్కటే. త, ద లకీ అంతే. అచ్చు పుస్తకాల్లో పక్కన చిన్న అంకెలు వేసి తేడా చూపిస్తారు కానీ, ఆవిడ చేతిరాత నోటుబుక్కులో అంకెలు లేవు. "తుడుకు కల" అని ఎత్తుకున్నారు. మాకు నవ్వాగలేదు. మాస్టారు నవ్వలేదు. నవ్విన మమ్మల్ని నిలబెట్టి, ఆవిడ పక్కన కూర్చుని, నోటుబుక్కు అడిగి తీసుకుని, ఒక్కో అక్షరం పక్కనా ఎర్ర సిరాతో 3, 4 అని అంకెలు వేశారు. పావుగంట పట్టింది. మేం నిలబడే ఉన్నాం.

అసలు పేచీ ఆ తర్వాత వచ్చింది. "దుడుకు గల నన్నే దొర కొడుకు బ్రోచురా" అన్నచోట మేం 'నన్నే' దగ్గర ఊపిరి తీసుకునేవాళ్లం. మాస్టారు బల్ల మీద కొట్టారు. అది నన్ను + ఏ దొర కొడుకు. ఇన్ని దుడుకు పనులు చేసినవాణ్ణి, నన్ను ఏ రాజు కొడుకు కాపాడతాడయ్యా అని త్యాగయ్య తన తప్పులన్నీ ఏకరువు పెట్టుకుంటున్నాడు. 'నన్నే' అని ఆగితే, దొర కొడుకు కాపాడేది నన్నొక్కణ్ణే అని గొప్పలు పోయినట్టవుతుంది. ఏడుపు కాస్తా కోతలైపోతుంది. "ఊపిరి ఆడకపోతే 'నన్నే'కి ముందు పీల్చండి, తర్వాత కాదు!"

టీచరుగారు తక్కువ తిన్నారా? ఈ పాట గౌళ రాగం. అందులో రిషభం, అంటే 'రి' స్వరం, మామూలు శుద్ధ రిషభం కన్నా ఓ పిసరు కిందుగా పలకాలి, ఏకశ్రుతి రిషభం అంటారు. మాస్టారు ఉత్సాహం కొద్దీ పాడి చూపించబోతే, "మాట సరి సార్, రిషభం తప్పు" అని ఆపేశారు. ఆయన్ని "సార్" అని బతికి బట్టకట్టింది ఆవిడొక్కతే. వారం రోజులు ఇద్దరి మధ్యా నలిగాం. ఇప్పటికీ మార్గళి నెల సంగీత కచేరీల్లో ఎంత పెద్ద విద్వాంసులు పాడినా నా చెవి ఆ 'నన్నే' దగ్గరే కాపలా కాస్తుంది. ఇది మాస్టారి పుణ్యమో పాపమో తెలియదు. పాట హాయిగా వినే యోగం మాత్రం పోయింది.

ఇంతవరకూ ఆయనకి దణ్ణం. ఒక్క విషయంలో మాత్రం నాకు నలభై ఏళ్లుగా కోపం పోలేదు.

'మా ఇంటి పండుగ' అని వ్యాసం రాశాను. మా అవ్వది తిరుత్తణి దగ్గర పల్లె. 1960 ఏప్రిల్ 1న ఆ తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అవ్వ నాలుక మాత్రం చిత్తూరులోనే ఉండిపోయింది. వ్యాసంలో 'అవ్వ' అని రాసిన ప్రతిచోటా సున్నా చుట్టి 'నాయనమ్మ' అని దిద్దారు. 'వడ' కొట్టేసి 'గారె' అన్నారు. ఏటా ఆగస్టు 29న గిడుగువారి పుట్టినరోజని జనం నోట్లో ఉన్నదే భాష అంటూ గంటసేపు చెప్పే మనిషి! మా అవ్వ జనంలో లెక్క కాదా? అడగలేదు. అడిగితే ఏమయ్యేదో మీకూ తెలుసు.

ఇంటికెళ్లి నోటుబుక్కు అవ్వ ముందు పడేశాను. చదువు రాదు కానీ ఎరుపు కనిపిస్తుందిగా.

"ఏందిరా ఇన్ని గీతలు?"

చెప్పాను.

"వడ అంటే నోట్లో దిగదా ఆయప్పకు? రెండు కట్టిస్తా, తీసకపొయ్యి ఈయి."

మర్నాడు స్టాఫ్ రూములో డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టాను. రెండూ తిన్నారు. చేతులు కడుక్కుని, పంచె చెంగుతో తుడుచుకుని, "గారెలు దివ్యంగా ఉన్నాయి, మీ నాయనమ్మగారికి చెప్పు" అన్నారు.

సాయంత్రం అవ్వకి చెప్పాను, "అవ్వా, వడ బాగుండాదంట."