బోరు నీళ్లలో ఫ్లోరైడ్: పంటి నుంచి వెన్నెముక దాకా

ఒకే బోరు నీళ్లు ఏ వయసులో తాగారన్నదాన్ని బట్టి ఒంటికి చేసే చెరుపు మారుతుంది. నల్గొండ గ్రానైట్ నేలల్లో రాళ్ల మధ్య నిలిచిన నీటిలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు.

ఎనిమిదేళ్ల లోపు చిగుళ్ల కింద పంటి పింగాణీ తయారవుతుంటుంది కనుక దెబ్బ ముందు అక్కడే. ముందుపళ్ల మీద అడ్డంగా సుద్దగీతలు, తర్వాత గోధుమరంగు మరకలు. తోమితే పోవు, మరక పంటిపైన కాదు, పంటిలో ఉంది.

పెద్దయ్యాక ఈ ఊళ్లకు వచ్చినవాళ్ల పళ్లు బాగానే ఉంటాయి, ఎముకలకే మినహాయింపు లేదు. ఏళ్లు గడిచేకొద్దీ మెడ, నడుము బిగుసుకుపోతాయి. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. వాతం నొప్పులనుకుని మాత్రలు మింగుతూ అవే నీళ్లు తాగితే ఏం లాభం?

కాచితే ఇంకా చెడ్డ: నీరు ఆవిరై ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ తీసేయడానికి వాడే నల్గొండ పద్ధతిలో నీళ్లలో పటిక, అందులో ఇరవయ్యో వంతు సున్నం వేసి పది నిమిషాలు మెల్లగా కలిపి, గంటసేపు తేరనిచ్చి, పైనీళ్లు వంచుకోవాలి. అడుగు మడ్డి కదిలిందా, పడ్డ కష్టమంతా వృథా. పటిక మోతాదు నీటి పరీక్ష చూసే తేల్చాలి, అందాజాగా వేయకూడదు. వంటకూ ఈ నీళ్లే వాడాలి. పప్పు ఉడికే నీళ్లూ లెక్కలోకే వస్తాయి.